చెప్పి వెళ్లడం

నేను సైకిల్ ఎక్కే ముందు ఫోన్‌లో ఒక మీట నొక్కుతాను. అప్పట్నుంచి ఇల్లు చేరేదాకా మా అమ్మ ఫోన్‌లో, మా ఆయన ఫోన్‌లో, మా అమ్మాయి ఫోన్‌లో నేను పటం మీద కదిలే చుక్కని. 2020 నుంచి మా ఇంట్లో ఇది అలవాటు. ఇన్నాళ్లూ ఎవరూ దీని గురించి ఆలోచించలేదు. ఈ మధ్య మా అమ్మాయికి కూడా సైకిల్ కొన్నాక ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చ మన వాళ్లందరి ఇళ్లకూ పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

మేముండేది కలకత్తాలో వాట్‌గంజ్. ఒకవైపు ఖిదిర్‌పూర్ డాక్, మరోవైపు ఆదిగంగ అని పిలిచే టాలీ నాలా. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ ఓడలు కట్టే రేవు పెట్టించిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఈ పేటకు మిగిలింది. ఖిదిర్‌పూర్ డాక్ 1892లో మొదలైంది. దగ్గర్లోనే గార్డెన్‌రీచ్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉండేది. ఇప్పుడది సౌత్ ఈస్టర్న్ రైల్వేది. ఆ రైలు మార్గమే శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎందరో తెలుగువాళ్లను ఈ ఒడ్డుకు చేర్చింది. మా తాత కూడా అలా కూలిపనికి వచ్చినవాడే.

నేను గార్డెన్‌రీచ్ వైపు ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుని. 2020లో బస్సులు ఆగిపోయినప్పుడు డ్యూటీకి వెళ్లడానికి సైకిల్ ఒక్కటే దిక్కయింది. కలకత్తాలో సైకిల్ తొక్కడమంటే పోలీసుల కళ్లబడకుండా తొక్కడమే. 2013లో నగరంలో 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. ఆ సంఖ్య తర్వాత తగ్గింది గానీ నిషేధం పూర్తిగా పోలేదు. పాలవాళ్లు, పేపర్ వేసేవాళ్లు, చేపలమ్మేవాళ్లు, తాపీ పనివాళ్లు సందుల్లోంచి తప్పుకుంటూ బతుకుతున్నారు. 2020 జూన్‌లో కరోనా వల్ల కొన్నాళ్లు ఆ పట్టు సడలించారు. నా సైకిల్ ఆ సడలింపులోనే రోడ్డెక్కింది.

డాక్ రోడ్డు మీద కంటైనర్లు మోసే ట్రెయిలర్ల పక్కన తొక్కాలి. వాటి డ్రైవర్‌కి ఎడమ పక్కన ఉన్న సైకిల్ కనపడదు. మలుపు దగ్గర వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ భయంతోనే మా అమ్మ ముందు గంటకోసారి ఫోన్ చేసేది. తొక్కుతూ ఫోన్ ఎత్తడం ట్రెయిలర్ కంటే ప్రమాదం. అందుకే చుక్క పంపడం మొదలుపెట్టాను. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌కి మూడే గడువులు: 15 నిమిషాలు, ఒక గంట, ఎనిమిది గంటలు. నేను ఎనిమిది గంటలు పెట్టి, ఇల్లు చేరగానే ఆపేస్తాను.

చుక్కతో అమ్మ భయం తీరిపోయిందా? రూపం మార్చుకుంది. మా దారిలో బాస్క్యూల్ వంతెన ఉంది. డాక్‌లోకి ఓడ వచ్చేటప్పుడు వంతెన పైకి లేస్తుంది, రోడ్డు ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. నేను కూడా ఒక కాలు నేల మీద ఆనించి ఓడను చూస్తూ నిలబడతాను. ఇంట్లో మాత్రం చుక్క ఆగిపోయింది! తిరిగొచ్చాక అమ్మ మొదటి మాట: “ఏటే, అక్కడే ఉండిపోనావు?” చుక్క ఎక్కడుందో చెబుతుంది, ఎలా ఉందో చెప్పదు. సిగ్నల్ పోతే చివరి చోటే చూపిస్తూ ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా అంతే. ఆగిన చుక్కకు పడిపోవడం ఒక్కటే కారణం కాదని అమ్మకు అర్థం కావడానికి చాలా ఓడలు రావాల్సి వచ్చింది.

ఇది ఎలా పనిచేస్తుందో అమ్మాయి ఒకరోజు అమ్మకు వివరించింది. పైనున్న ఉపగ్రహాలు టైమూ, తామెక్కడున్నాయో ప్రసారం చేస్తాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి, తానెక్కడుందో ఫోనే తెలుసుకుంటుంది. ఉపగ్రహానికి మనమెవరో, ఎక్కడున్నామో తెలియనే తెలియదు. మన జాడ మన ఫోన్‌లో పుడుతుంది. దాన్ని ఇంకొకరికి పంపడం వేరే పని. ఆ పని మన అనుమతితో జరగాలి. నా మటుకు నాకు ఈ విషయంలో అసలు ప్రశ్న అదే: జాడ ఇవ్వడమా, లాక్కోవడమా?

మన ప్రజలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. పల్లెలో ‘ఎక్కడుంటావు’ అనే మాటకు అర్థం ‘నువ్వెవరు’ అనే. మాలపేట అన్నా, మాదిగవాడ అన్నా, ఊరి చివర అన్నా చోటు చెప్పడంతోనే కులం చెప్పినట్టు. మా తాత సెలవులకు ఊరెళ్లినప్పుడు పెద్ద వీధి మొదట్లో సైకిల్ దిగి, ఆ చివరిదాకా నడిపించుకు పోయేవాడు. ఎవరు ఏ దారిన పోతున్నారో, ఎప్పుడు పోతున్నారో చూసే కళ్లు అరుగుల మీద ఎప్పుడూ ఉండేవి. నిఘాకి ఫోన్ అక్కర్లేదు, అరుగు చాలు. కలకత్తా వచ్చాక తాతకు దొరికిన పెద్ద స్వేచ్ఛ ఏమిటంటే, ఎవరికీ తెలియకుండా రోడ్డు మీద పోగలగడం. బాబాసాహెబ్ మనల్ని పల్లె వదిలి నగరాలకు పొమ్మన్నది ఊరికే కాదు.

ఇంకో సంగతి కూడా ఈ నది ఒడ్డునే ఉంది. మా ఇంటికి దూరం కాని సూరినామ్ ఘాట్‌లో 2015లో ‘మాయీ బాప్’ విగ్రహం పెట్టారు. మూట పట్టుకుని నిలబడ్డ ఆడామగా జంట. కలకత్తా రేవు నుంచి ఒప్పంద కూలీలుగా సముద్రం దాటిన వేల మందికి గుర్తు అది. సూరినామ్‌కు మొదటి ఓడ ‘లాలా రూఖ్’ 1873 ఫిబ్రవరిలో ఇక్కణ్ణుంచే బయల్దేరింది. ఓడెక్కే కూలీ పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి మీది మచ్చలు కూడా వలస పాసులో రాసుకునేవారు. కూలీని పంపేవాళ్ల దగ్గరా, పని చేయించుకునేవాళ్ల దగ్గరా వివరాలన్నీ భద్రంగా ఉండేవి. ఎన్నో ఇళ్లల్లో మాత్రం మనిషి ఏ దేశంలో ఉన్నాడో కూడా తెలియలేదు. తెలియాల్సినవాళ్లకు తెలియకపోవడం, తెలియకూడనివాళ్లకు అంతా తెలియడం. జాడ విషయంలో అన్యాయం అంటే ఇదే.

మా ఇంటి చర్చకు వస్తాను. మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు. ఆదివారం తెల్లవారుజామున స్నేహితులతో మైదాన్ దాకా తొక్కి వస్తానంది. మా అన్నయ్య ఫోన్‌లో మాతో మాట్లాడుతూ, “ఆడపిల్ల, పైగా మీరుండేది వాట్‌గంజ్. లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచమను, నాకూ పంపమను” అన్నాడు. వాట్‌గంజ్ పేరు చెబితే ముఖం చిట్లించేవాళ్లు ఉన్నారు. ఇక్కడ సెక్స్ వర్కర్ల వాడ ఉంది, తాగుడు గొడవలూ ఉన్నాయి. అన్నయ్యది ప్రేమే, కాదనను. అమ్మాయి అడిగింది ఒకే మాట: “మావయ్యా, మరి మీ లొకేషన్ నాకు పంపుతారా?” అన్నయ్య నవ్వేశాడు. ఆ నవ్వులోనే తేడా తెలిసిపోయింది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటే అది క్షేమ సమాచారం. ఒకరే చూస్తూ, ఇంకొకరు చూడబడుతూ ఉంటే కాపలా.

కాపలా ఎక్కడిదాకా పోతుందో మనం చూశాం. 2022 మే నెలలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో, మతాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి భార్య కళ్లెదుటే నడిరోడ్డు మీద చంపారు. అతని ఫోన్ ద్వారానే జాడ తెలుసుకుని వెంబడించారని పోలీసులు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. కులం నిలబడేది స్వకుల వివాహం మీద, అందుకోసం స్త్రీని అదుపులో పెట్టడం మీద అని బాబాసాహెబ్ 1916లోనే వివరించారు. ఆడపిల్ల ఎక్కడుందో క్షణక్షణం తెలియాలనే పట్టుదల ఒక్కోసారి ఆ పాత అదుపుకి కొత్త పనిముట్టు అవుతుంది. దాన్ని మన ఇళ్లలోకి ‘భద్రత’ పేరుతో రానిస్తే మనం కులాన్ని వదిలిందేమిటి?

చట్టం ఈ విషయంలో మన కుటుంబాల కంటే ముందుంది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. 2024 జూలై 8న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: బెయిల్ మీద వదిలిన నిందితుణ్ణి సైతం గూగుల్ మ్యాప్స్ ద్వారా తన జాడ పోలీసులకు చూపిస్తూ ఉండమని షరతు పెట్టకూడదు. నిందితుడికే ఆ హక్కు ఉంటే, ఏ తప్పూ చేయని కూతురికి ఉండదా? 2023 నాటి డేటా రక్షణ చట్టం, అనుమతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలంటుంది. ఆ చట్టం కుటుంబ సభ్యుల మధ్య సొంత వ్యవహారాలకు వర్తించదు. వర్తించని చోట ఆ నీతిని మనమే పాటించాలి.

మేం నలుగురం కూర్చుని కొన్ని మాటలు అనుకున్నాం. బయటికి వెళ్లేవాళ్లే మీట నొక్కాలి, వాళ్లే ఆపాలి. ఎంతసేపు, ఏ దారి అనేది ముందే నోటితో చెప్పాలి. చూసేవాళ్లు తమ జాడ అడిగితే ఇవ్వాలి, మగవాళ్లకు మినహాయింపు లేదు. చుక్క ఆగితే అరగంట ఓపిక పట్టి, ముందు కూడా వెళ్లినవాళ్లకు ఫోన్ చేయాలి. వాళ్లూ పలకకపోతే అప్పుడు 112. ఎక్కడ ఆగావు, ఎవరితో టీ తాగావు అని తిరిగొచ్చాక ఆరా తీయకూడదు. సైకిల్ దారులు దాచిపెట్టే యాప్‌లలో ఇంటి దగ్గరి ముక్క బయటివాళ్లకు కనపడకుండా చేసుకోవాలి. 2018 జనవరిలో స్ట్రావా పటంలో సైనికులు పరుగెత్తిన దారుల వల్ల సైనిక స్థావరాల జాడలే బయటపడ్డాయి. మన ఇల్లు ఎంత!

దీనికి మన ధమ్మంలో ఆధారం వెతకనక్కర్లేదు గానీ, నాకు మాత్రం ఒక విషయం గుర్తొస్తుంది. సిద్ధార్థుడు అర్ధరాత్రి నిద్రపోతున్న భార్యాబిడ్డలను వదిలి చెప్పకుండా వెళ్లిపోయాడని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. 1957లో వెలువడిన ‘ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’లో బాబాసాహెబ్ ఆ కథను మార్చి చెప్పారు. రోహిణీ నది నీళ్ల తగాదాలో యుద్ధాన్ని వ్యతిరేకించి పరివ్రాజకుడు కావలసి వచ్చిన సిద్ధార్థుడు తల్లిదండ్రులకు చెప్పాడు, యశోధరకు చెప్పాడు, ఆమె సమ్మతి తీసుకుని వెళ్లాడు. వాళ్లు ఏడ్చారు గానీ కాళ్లకు సంకెళ్లు వేయలేదు. ఆయన నిర్ణయం ఆయనదే, వాళ్ల దుఃఖం పట్ల గౌరవమూ ఆయనదే. చెప్పి వెళ్లడం వేరు, అనుమతి కోసం ఎదురుచూస్తూ ఉండిపోవడం వేరు.

మా అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు తొక్కుతోంది. కొన్నిసార్లు చుక్క పంపుతుంది. కొన్నిసార్లు “ఎనిమిదింటికి వస్తా” అని చెప్పి పంపకుండానే వెళ్తుంది. అలాంటి రోజు మా అమ్మ వరండాలో కూర్చుని వీధి వైపు చూస్తుంది. నాకూ గుండె కాస్త గట్టిగానే కొట్టుకుంటుంది. ఆ భయాన్ని మోయడం పెద్దవాళ్ల పని. పిల్లల ఫోన్‌లోకి దాన్ని దించేసి తేలికపడాలని చూడకూడదు.