సాగ్ చూశావా నాన్నా?

బెంటన్‌విల్‌లో ఉంటున్నామని చెప్పగానే అవతలివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "వాల్‌మార్టా?" అని. రెండోది, "అక్కడ చూడ్డానికేముంది?" అని. మొదటిదానికి జవాబు తేలిక. నేరుగానో, ఆ కంపెనీకి సరుకో సాఫ్ట్‌వేరో అమ్మే మరో కంపెనీ ద్వారానో, ఇక్కడి మనవాళ్ళలో చాలామందికి అన్నం పెడుతున్నది ఆ కొట్టే. రెండో ప్రశ్నకు మాత్రం ఒకప్పుడు తడుముకునేవాణ్ణి. శామ్ వాల్టన్ 1950లో తెరిచిన ఫైవ్ అండ్ టెన్ కొట్టు, 2011లో తెరిచిన క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం చూపించేసరికి వచ్చిన చుట్టాలకు ఒక రోజు గడిచేది. రెండో రోజు ఏం చూపించాలో తెలిసేది కాదు. ఇప్పుడా బెంగ లేదు. చక్రాలు చూపిస్తున్నాను.

2007లో ఇక్కడ స్లాటర్ పెన్ అనే చోట సైకిళ్ళ కోసం కొద్ది మైళ్ళ మట్టిబాట వేశారు. (ఆ పేరుకు అర్థం కబేళా దొడ్డి అని చెబితే మా అమ్మ ఆ వైపు అడుగు పెట్టనంది.) శామ్ వాల్టన్ మనవలు టామ్, స్టూవర్ట్ ఇద్దరికీ సైకిలు పిచ్చి. ఆ పిచ్చి, వాళ్ళ కుటుంబ ఫౌండేషన్ డబ్బు కలిసి ఊరి రూపే మార్చేశాయి. కోలర్ లోయ, బెల్లా విస్టా వైపు బ్యాక్ ఫార్టీ... ఎటు చూసినా అడవిలో పాములా మెలికలు తిరిగే బాటలే. శనివారం పొద్దున స్క్వేర్‌లో కాఫీ తాగుతూ కూర్చుంటే, పన్నెండేళ్ళ పిల్లలు కూడా రీబౌండూ కంప్రెషనూ అంటూ, మనం చిన్నప్పుడు క్రికెట్ స్కోరు చెప్పుకున్నట్టు, షాకబ్జర్ల గురించి మాట్లాడుకుంటూ పోతుంటారు.

మా అబ్బాయికి ఆ సైకిలు గాలి సోకింది. నాకు సోకింది దాని పెద్దన్నయ్య గాలి. డర్ట్ బైకు! నలభై రెండో ఏట, రెండొందల యాభై సీసీ ట్రెయిల్ బండి కొన్నాను. రేసులు లేవు, గెంతడాలు లేవు. నెలకు ఒకటి రెండు శనివారాలు అడవిలో తిరిగి, పులిహోర తిని, చీకటి పడేలోగా ఇల్లు చేరడం, అంతే నా సాహసం.

ఊళ్ళో సైకిలు బాటల మీదికి పెట్రోలు బండి రానివ్వరు, అది న్యాయమే. మాలాంటివాళ్ళు ఓజార్క్ నేషనల్ ఫారెస్టుకు పోవాలి. ఫేయెట్‌విల్ దాకా ఐ-49 మీద దక్షిణంగా వెళ్ళి, అక్కణ్ణుంచి పదహారో నంబరు రాష్ట్ర రహదారి పట్టుకుని ఎల్కిన్స్ మీదుగా వైట్ రివర్‌ను ఒరుసుకుంటూ తూర్పుకు పోతే కూంబ్స్ అనే చిన్న పల్లె వస్తుంది. ఆ దగ్గర అడవిలో మిల్ క్రీక్ ట్రెయిళ్ళు. నలభై మైళ్ళకు పైగా ఉంటాయి. ఇంటి దగ్గర్నుంచి గంటన్నర దారి. ఆ దారిలో నేలకూడా మారిపోతుంది. బెంటన్‌విల్ చుట్టూ ఉన్నది సున్నపురాయి, దాని మధ్య చెర్ట్. అది మన చెకుముకి రాయి జాతి, పగిలితే కత్తే. దక్షిణంగా బోస్టన్ పర్వతాల్లోకి ఎక్కేసరికి ఇసుకరాయి బండలు, పలకలుగా విరిగే షేలు మొదలవుతాయి. బాటకు అడ్డంగా మెట్లు మెట్లుగా బండలు, వాటి మీద నాలుగు చక్రాల బళ్ళు దున్నేసి వదిలిన గుండ్రాళ్ళు. అదీ అక్కడి రోడ్డు!

పోయిన మార్చిలో ఆ మెట్లలో ఒకదాని మీద పడ్డాను. వేగం లేదు, పదిహేను మైళ్ళు కూడా ఉండదు. ఎత్తు ఎక్కుతుంటే ముందు చక్రం తేలిపోయినట్టయి, ఒక రాయి మీంచి పక్కకు జారింది. అంతే, ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కారు మా ఆవిడే తోలింది, కూరలు ఆవిడే తరిగింది, ఒక్కమాట అనలేదు. అదే నాకు భయం వేసింది. కట్టు విప్పిన రోజున మాత్రం అంది, "ఆ బండి అమ్మేయమని అనను. ఎందుకు పడ్డారో తెలిసేదాకా మాత్రం ఎక్కొద్దు. వాడు కూడా మీతో వస్తానంటున్నాడు, గుర్తుంచుకోండి."

ఎందుకు పడ్డానో నాకు అప్పటికే తెలుసనుకున్నాను. బండితో వచ్చిన షాకబ్జర్లే! తోటి రైడర్లలో సగంమంది చెప్పేది అదే. కంపెనీ వాళ్ళు ఖర్చు తగ్గించడానికి చవకరకం పెడతారు, కొన్నరోజే తీసి పారేయాలి అని. హోండా సీఆర్‌ఎఫ్ 250ఎఫ్, యమహా టీటీఆర్ 230 లాంటి ట్రెయిల్ బళ్ళకు ముందు ఫోర్కుల్లో తిప్పి సరిచేసుకునే మరలు ఉండవన్న మాట నిజమే. రాత్రిళ్ళు కూర్చుని వెతికి, ముందుకు కొత్త కాట్రిడ్జి కిట్టు, వెనక్కి కొత్త షాకు ఏరి పెట్టుకున్నాను. మొత్తం 1,480 డాలర్లు. ఇంచుమించు ఒక ఇండియా టిక్కెట్టు. శామ్ వాల్టన్ అంత కోటీశ్వరుడై ఉండి కూడా 1979 నాటి ఫోర్డ్ పికప్‌నే నడుపుతూ బతికిన ఊళ్ళో కూర్చుని "కొను" అన్న మీట నొక్కడానికి నాలుగైదు రాత్రులు చెయ్యి రాలేదు.

అలా ఊగిసలాడుతుండగా, సెప్టెంబరులో ఒక సాయంత్రం మావాడితో కోలర్‌కు వెళ్ళాను. వాడు సైకిలెక్కి, గోడకు ఆనుకుని కాసేపు కదలకుండా కూర్చుని, దిగి ఫోర్కు మీద ఉన్న చిన్న రబ్బరు రింగు ఎక్కడికి జరిగిందో చూస్తున్నాడు. ఏమిట్రా అంటే, "సాగ్ చూస్తున్నా. మనం ఎక్కితే స్ప్రింగు ఎంత కిందికి దిగుతుందో దాన్ని సాగ్ అంటారు. మొత్తం కదలికలో పావు వంతు పైన, మూడో వంతు లోపల ఉండాలి. నీ బండికి ఎంతుంది?" అన్నాడు.

నాకు తెలియదన్నాను.

"సాగ్ చూడకుండానే కొత్తవి కొంటున్నావా నాన్నా?"

తెలుగులో సాగు అంటే సాగదీయడం కదా, ఈ సాగ్ కుంగడం. పేరు ఒకటే, దిక్కు వేరు. కానీ ఆ కుంగుడు సంగతి నాకు ఇరవయ్యేళ్ళ కిందటే తెలుసు! తెనాలిలో మా నాన్నగారి స్ప్లెండర్‌కు వెనక షాకబ్జర్ల మీద అయిదు మెట్ల సర్దుబాటు ఉండేది. నా పెళ్ళయిన వారానికి బండి సర్వీసింగుకు ఇస్తే మెకానిక్, "ఇకనుంచి ఇద్దరు కదా అబ్బాయిగారూ, వెనక రెండు మెట్లు బిగించమంటారా?" అని అడిగాడు. షాపులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, నేను సిగ్గుతో చచ్చాను. బరువు మారితే స్ప్రింగు సరిచూసుకోవాలని తెనాలిలో నేర్చుకున్న పాఠం ఆర్కాన్సాస్ వచ్చేసరికి ఎలా మరిచిపోయానో!

అక్టోబరు రెండో శనివారం ముగ్గురం బయల్దేరాం. నేను, మావాడు, మా వీధిలో ఉండే కడప తమ్ముడు. అతనిదీ నాలాంటి బండే. కాకపోతే నేను 160 పౌండ్లు, అతను 230. వైట్ రివర్ మీద పొగమంచు ఇంకా లేవలేదు. హికరీ చెట్లు పసుపు పచ్చగా, మేపుల్స్ కుంకుమ రాసినట్టు ఉన్నాయి. ఓక్‌లు మాత్రం తొందరపడకుండా ఇంకా ఆకుపచ్చ మీదే ఉన్నాయి. సెల్‌ఫోను సిగ్నలు పోయాక మావాడు కూడా కిటికీలోంచి బయటికి చూశాడు. అడవిలోకి వచ్చేవాళ్ళకు అదొక్కటే నేను ఇచ్చే హామీ.

గ్రావెల్ మీద బళ్ళు దింపి, జేబులోంచి టేపు తీశాను. మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోది, ఒకవైపు అంగుళాలు, ఒకవైపు సెంటీమీటర్లు.

"ఏందన్నా ఇది, జాకెట్టు కొలతలా?" అన్నాడు కడప తమ్ముడు.

కొలవడానికి ముగ్గురు కావాలి. ఒకరు ఎక్కాలి, ఒకరు పట్టుకోవాలి, ఒకరు టేపు చూడాలి. ముందు బండిని స్టాండు మీదికెత్తి, వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి పైన ఫెండర్ మీద ఒక గుర్తు దాకా కొలిచాం. తర్వాత నేల మీద దింపి, ఎవరూ ఎక్కకుండా ఒకసారి. ఆఖరున హెల్మెట్టు, బూట్లు, వీపున నీళ్ళ సంచితో సహా నేను ఎక్కి కూర్చున్నాక ఒకసారి. మా బళ్ళకు వెనక కదలిక ఇంచుమించు 23 సెంటీమీటర్లు. అందులో మూడో వంతు అంటే ఏడున్నర దాకా కుంగాలి. పెద్ద మోటోక్రాస్ బళ్ళకయితే కదలిక ముప్ఫై దాకా ఉంటుంది కాబట్టి పది, పదిన్నర అంటారు.

నేనెక్కితే పదకొండు కుంగింది! మావాడు రెండోసారి కొలిచి మరీ చెప్పాడు.

వెనక అంత కుంగితే ముందు లేస్తుంది. లేచిన ముందు చక్రానికి నేల మీద పట్టు తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మరీను. మార్చిలో ముందు చక్రం ఎందుకు తేలిపోయిందో ఆ దర్జీ టేపు మీద కనిపించింది. కొన్నప్పట్నుంచి రెండేళ్ళలో ఆ స్ప్రింగు రింగును నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. టైరులో గాలి కూడా రోడ్డు బండికి కొట్టినట్టు పాతిక పౌండ్లు కొట్టి తిరుగుతున్నాను. రాళ్ళ బాటకు పన్నెండు, పధ్నాలుగు చాలు. టైరు కూడా ఒక చిన్న షాకబ్జరేనని ఎవరైనా చెబితే బాగుండేది.

రింగు తిప్పే కొక్కెం పానా మా దగ్గర లేదు. పక్కన ట్రక్కులోంచి మమ్మల్ని చాలాసేపటి నుంచి చూస్తున్న పెద్దాయన ఒకరు, అడక్కుండానే తెచ్చిచ్చారు. "కొనకముందు కొలిచేవాళ్ళు తక్కువ" అని మాత్రం అన్నారు. పై రింగు వదులు చేసి, కింది రింగు బిగిస్తూ, దిగుతూ, ఎక్కుతూ, ఏడు సెంటీమీటర్ల ఏడు మిల్లీమీటర్ల దగ్గర ఆపాం. నేను దిగాక బండి తన బరువుకు తాను రెండు సెంటీమీటర్లు కుంగి ఉంది. పెద్దాయన ఆ రెండు చూసి తల ఊపారు. అంటే స్ప్రింగు నా బరువుకు సరిపోయినట్టే.

కడప తమ్ముడి కథ వేరు. అతనెక్కితే పదమూడు. రింగు బిగించి బిగించి ఎనిమిదికి తెచ్చాం. కానీ అతను దిగగానే బండి పూర్తిగా పైకి లేచి నిలబడింది, తన బరువుకు ఒక్క మిల్లీమీటరు కూడా కుంగలేదు. అంటే స్ప్రింగు అతనికి మెత్తన. రింగు బిగిస్తే బండి నిలబడే ఎత్తు మారుతుందే తప్ప, స్ప్రింగు గట్టిపడదు. ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ ఆ రోజుదాకా పొరబడ్డవాణ్ణే. కంపెనీలు ఒక సగటు మనిషిని, రమారమి డెబ్బై అయిదు, ఎనభై కిలోలవాణ్ణి, లెక్కలో పెట్టుకుని స్ప్రింగులు వేస్తాయి. ఆ సగటుకు బాగా అటో ఇటో ఉన్నవాళ్ళకు స్ప్రింగు మార్చక తప్పదు. అదయినా ముందుకొక జత, వెనక్కొకటి, మొత్తం మూడొందల డాలర్ల లోపు పని. వెయ్యిన్నర కిట్టు కాదు. బరువైన అతనికి నేను ఏరిన కిట్టు కొనిపెట్టినా, స్ప్రింగు అతని బరువుకు తగ్గది కాకపోతే మళ్ళీ ఇదే కథ.

రేసులకు వెళ్ళేవాళ్ళు, గాల్లోకి ఎగిరి దూకేవాళ్ళు, మోటోక్రాస్ బండి కొని రాళ్ళ బాటలో తిప్పేవాళ్ళు - వాళ్ళ అవసరాలు వేరు. ఆ బళ్ళు దూకుడుకు తగ్గట్టు గట్టిగా ఉంటాయి, మన నడకకు చేతులు హూనమవుతాయి. లోపలి వాల్వింగు మార్పించుకుంటే వాళ్ళకు ఫలితం కనిపిస్తుంది. పులిహోర బ్యాచికి మాత్రం ముందు టేపు, తర్వాత ఫోర్కు ఆయిలు. నా ఫోర్కుల్లోంచి ఇంటికి వచ్చాక దింపిన ఆయిలు నిన్నటి చేపల పులుసు రంగులో ఉంది, వాసన ఇంకా అన్యాయం.

భోజనాలయ్యాక మార్చినాటి మెట్టు దగ్గరికి వెళ్ళాను. బండి ఆపి చూశాను. అప్పుడు కొండంత అనిపించిన బండ, మోకాలి ఎత్తు కూడా లేదు. మావాడు కింద వాగు దగ్గర నిలబడ్డాడు, హెల్మెట్టు తియ్యకుండా. లేచి నిలబడి, మోకాళ్ళు వంచి, మెల్లగా పోనిచ్చాను. ముందు చక్రం బండకు తగిలింది, ఎక్కింది. వెనకది కొంచెం తన్నింది, ఎక్కింది. అంతే! మణికట్టు చుట్టూ చెమట పట్టిందని పైకెక్కాక తెలిసింది. రెండోసారి కూడా ఎక్కాను, మొదటిది గాలివాటం కాదని నాకు నేను నమ్మకం చెప్పుకోవడానికి. కడప తమ్ముడు మాత్రం "స్ప్రింగులొచ్చినాక చూస్తాలే అన్నా" అని పక్కబాటలో పోయాడు. తెలివైన పని చేశాడు.

ఆ రాత్రి కిట్లన్నీ బుట్టలోంచి తీసేశాను. ఎందుకు పడ్డానో మా ఆవిడకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. సాంతం విని, "వచ్చే నెల వాడికి మోకాలి చిప్పలు కొనండి" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

తర్వాతి వారం దీపావళి పార్టీకి జాకెట్టు కుట్టుకోబోతూ, "ఏమండీ, నా టేపు చూశారా?" అంది. ఏడు సెంటీమీటర్ల ఏడు మిల్లీమీటర్ల దగ్గర నల్లటి గ్రీజు మరక, ఎంత ఉతికినా పోలేదు. కొత్త టేపు మూడు డాలర్లు కూడా కాలేదు. అదీ వాల్‌మార్ట్‌లోనే కొన్నాను.