పంపు మార్చినా చల్లబడని ఇంజను

సోలాపూరు పూర్వ భాగంలో కరెంటు పోయిందని కళ్లకన్నా ముందు చెవులకు తెలుస్తుంది. సాఖర్ పేట నుంచి అశోక్ చౌకు దాకా ఏ సందులో నిలబడినా సాంచాల చప్పుడే. అది ఒక్కసారిగా ఆగితే నిద్రపోతున్న చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. 2005 తరువాత కొన్నేళ్లు మహారాష్ట్రలో లోడ్‌షెడ్డింగు ముమ్మరంగా ఉండేది. ఆ రోజుల్లో ఈ నిశ్శబ్దం మాకు రోజూ కొన్ని గంటల పాటు తప్పేది కాదు. సాంచా ఆడకపోతే తువ్వాలు లేదు, తువ్వాలు లేకపోతే పగారు లేదు. నేసేవాడికైనా, కండెలు చుట్టే ఆడవాళ్లకైనా చేసిన పనికే పైసలు.

నేను లెక్కలు రాసే కార్ఖానాలో పదహారు సాంచాలు ఉండేవి. ఒక్కొక్క దానికి ఒక హార్స్‌పవర్ మోటారు. ఆసామిని నేను కాక అని పిలిచేవాణ్ని, వావి వరస వల్ల కాదు, పేటలో అందరికీ ఆయన కాకే. అప్పు చేసి 25 కేవీఏ డీజిల్ జనరేటరు పాతది ఒకటి కొన్నాడు. పదహారూ ఒకేసారి మొదలుపెడితే ఇంజను మూలిగి ఆగిపోయేది. అందుకని నాలుగేసి చొప్పున మొదలుపెట్టేవాళ్లు.

2007లో ఉగాది దాటాక దాని నీళ్ల పంపు మార్చవలసి వచ్చింది. పంపులో ఇరుసు చుట్టూ ఒక సీలు ఉంటుంది. అది అరిగిపోతే, కింద అందుకోసమే పెట్టిన చిన్న బెజ్జం గుండా నీళ్లు కారి మనకు ముందుగానే కబురు చెబుతాయి. ఆ కబురు మాకు దీపావళి నుంచీ అందుతూనే ఉంది. కింద డబ్బా పెట్టి సరిపెట్టుకున్నారు. చివరికి ధార కట్టాక, పేటలోనే కొత్తగా పని మొదలుపెట్టిన ఇరవయ్యేళ్ల మెకానిక్ పిల్లవాణ్ని పిలిచారు. వాడు ఒక పూటలో పంపు మార్చి, బెల్టు కట్టి, నీళ్లు నింపి వెళ్లాడు. కారడం ఆగింది. కాని లోడు వేసిన ఇరవై నిమిషాలకు ముల్లు ఎర్ర గీత దాటింది.

కాక కోపం చూడాలి.

“నకిలీ పంపు పెట్టిండు. పాతది కారినా ఇంజను నడిచింది. ఇది కారకుండ కాలుస్తుంది. వానికి పైస గూడ ఇయ్య.”

పేటలో ఆ మాట సాయంత్రానికి పది కార్ఖానాలు తిరిగింది. పని నేర్చి ఏడాది కాని పిల్లవాడికి అంతకన్న పెద్ద దెబ్బ ఉండదు. మెకానిక్‌కు బోర్డు అక్కరలేదు, పేరే బోర్డు. అది ఒకసారి చెడితే సాఖర్ పేటలో పానా పట్టుకోనివ్వరు.

పిల్లవాడు పారిపోలేదు, మరునాడు పొద్దున్నే వచ్చాడు. ఇంజను చల్లగా ఉండగా మూత తీసి నడిపించి, లోపల నీళ్లు తిరుగుతున్నాయని కాకకు చూపించాడు. బెల్టును బొటనవేలితో నొక్కి చూపించాడు, వదులు లేదు. నీళ్లు మార్చినప్పుడు లోపల గాలి బుడగ నిలిచి దారికి అడ్డు పడుతుంది. దాన్ని బయటికి పంపాడు. థర్మోస్టాట్ విప్పి మా వంటింటి గిన్నెలో నీళ్లు కాచి అందులో వేశాడు. మరిగేలోపే అది నోరు తెరిచింది, అంటే బాగానే ఉంది. దాన్ని తీసి పారేయమని సలహా ఇచ్చినవాళ్లు మా వీధిలో కనీసం నలుగురు. మన దగ్గర దేనికైనా అదే వైద్యం! మూత తీసి చూస్తే నీళ్లలో బుడగలు లేవు, కాబట్టి హెడ్ గాస్కెట్ పోలేదు. ఇన్ని సరిగ్గానే ఉన్నా లోడు వేయగానే ముల్లు మళ్లీ ఎర్ర గీత మీదికే.

అప్పుడు ఒక పెద్ద మిస్త్రీని నేనే పిలుచుకొచ్చాను. వయసులో ఉండగా బొంబాయి ససూన్ డాక్‌లో పడవల ఇంజన్లు బాగుచేసి, కళ్లు మందగించాక మా వైపు వచ్చి స్థిరపడిన మనిషి. ఆయన ఇంజను వంక చూడకుండా ముందు పిల్లవాణ్ని అడిగాడు.

“పాత పంపు ఏడున్నది? రెక్కలు లెక్కవెట్టినవా?”

పడవ వెనక బిగించే అవుట్‌బోర్డు మోటారులో నీటిని తోడేది రబ్బరు రెక్కల చక్రం. అది ఎండి విరిగితే ముక్కలు నీటితోపాటు పైకి పోయి సన్నని దారుల్లో ఇరుక్కుంటాయి. కొత్త చక్రం వేసినా ఇంజను వేడెక్కుతూనే ఉంటుంది. అందుకే అక్కడ పాత చక్రం విప్పగానే రెక్కలు లెక్కబెడతారు. ఆరింటికి నాలుగే ఉంటే మిగతా రెండూ ఇంజను కడుపులో ఉన్నట్టే. అవి దొరికేదాకా పని అయినట్టు కాదు. ఇదంతా ఆయన బీడీ వెలిగించుకుంటూ చెప్పాడు.

మా పంపుది లోహపు చక్రం, రెక్కలన్నీ ఉన్నాయి. తుప్పు తిని పలచబడ్డాయంతే.

“అయితే ఎన్ని దినాలు కారింది? ఏం నీళ్లు పోసిండ్రు?”

దానికి జవాబు నా బల్ల మీద ఉంది. జనరేటరు చూసుకునే కుర్రవాడు రోజూ ఒక నోటుబుక్కులో ఎన్ని గంటలు నడిచిందో, ఎంత డీజిలు పోశాడో రాసేవాడు. మరాఠీ బడిలో చదివినవాడు గనుక మాటలు మన తెలుగువే, అక్షరాలు మాత్రం బాలబోధవి. ఆ అక్షరాల్లో పేజీ పేజీకీ ‘బోరు నీళ్లు 3 లీటర్లు’ అని ఉంది. దీపావళి నుంచి ఉగాది దాకా అలా నీళ్లు పోసిన రోజులు కూడితే దాదాపు 120, నీళ్లు 360 లీటర్లు. మా బోరు నీళ్లలో పప్పు ఉడకదని ఇంట్లో ఆడవాళ్లు రోజూ అనే మాటే. నల్లరాతి పొరల్లోంచి వచ్చే ఆ ఉప్పునీళ్లు కాగినప్పుడల్లా గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడతాయి. ఇంజనులోనూ అంతే. నీళ్లు బెజ్జంలోంచి కారిపోతాయి, వాటిలోని సున్నం మాత్రం వేడి గోడలకు అంటుకుని ఉండిపోతుంది. లీటరుకు పావు గ్రాము వదిలినా 90 గ్రాములు. పలకల్లా పేరుకున్న ఆ సున్నం, కొత్త పంపు బలంగా తోసేసరికి పెచ్చులుగా ఊడి రేడియేటరు గొట్టాల్లోకి చేరింది. పిల్లవాడు పని సరిగ్గా చేయబట్టే ఆ పెచ్చులు కదిలాయి.

మిస్త్రీ ఇంజను ఆపించి, ఫ్యాను నిలిచాక అరచేతితో రేడియేటరును తడిమాడు. ఒక పక్క చెయ్యి పెట్టలేనంత వేడి. నడిమిన రెండు బెత్తెల వెడల్పున నిలువుగా గోరువెచ్చన. నీళ్లు పోని గొట్టాలు అవే. తరువాత టార్చి వేసి జాలీ వెనక చూపించాడు. తువ్వాళ్ల కార్ఖానాలో ఎగిరే దూది నూగు తడి ధూళితో కలిసి పల్చటి దుప్పటిలా పరుచుకుని ఉంది. లోపల నీటికి అడ్డం, బయట గాలికి అడ్డం. పైగా ఆ వారమే ఎండలు 40 డిగ్రీలు దాటాయి.

“గీ దుప్పటి గూడ మనమే నేసినం శేటూ,” అన్నాడాయన. కాక నవ్వలేదు.

నాకు అనుమానం తీరక రేడియేటరు లోంచి రాలిన ఒక పెచ్చు మీద నిమ్మకాయ పిండాను. బుసబుసమని పొంగింది. సున్నమే.

రేడియేటరు విప్పి దుకాణానికి పంపారు. అక్కడ పై తొట్టి ఊడదీసి, గొట్టాల్లో సన్నని ఇనుప పట్టీలు దూర్చి శుభ్రం చేశారు. ఇంజను లోపలికి నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లు పట్టించి, రెండుసార్లు కడిగి, ఈసారి బోరు నీళ్లు కాకుండా బ్యాటరీ నీళ్లు, కూలెంటు పోశారు. దూదిని ఫ్యాను గాలికి ఎదురు దిక్కు నుంచి నీళ్లు కొట్టి వదిలించారు. ఆ రెండు రోజులూ కరెంటు పోయినప్పుడల్లా సాంచాలు ఆగే ఉన్నాయి. కండెలు చుట్టే ఒకావిడ వచ్చి, ఈ వారం పగారులో ఎంత తగ్గుతుందని అడిగింది. లెక్క వేసి చెప్పాను. ఆమె ఏమీ అనకుండా వెళ్లింది.

మూడోనాడు పదహారు సాంచాలూ ఆడుతుండగా జనరేటరు మూడు గంటలు నడిచింది. ముల్లు నడిమిలోనే నిలబడింది. పిల్లవాడు దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాడు, మంచినీళ్లకు కూడా లేవలేదు.

కాక వాడితో తప్పు నాది అనలేదు, అనే మనిషీ కాదు. శనివారం పగారు పంచేటప్పుడు నా పుస్తకం వైపు వంగి, “చివర్ల మెకానిక్ పోరని పేరు గూడ రాయి. పంపు బిగించిన పైసలు వేరే, వచ్చి చూసిన రెండు దినాలు వేరే,” అన్నాడు. కార్ఖానాలో అందరూ వినేటట్టే అన్నాడు. నేను రెండు వరుసల్లో విడివిడిగా రాశాను.