జౌరాలో దించిన తుపాకులు

సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ రైలెక్కినవాళ్లు చంబల్‌ను చూసే ఉంటారు. గ్వాలియర్ దాటి, మొరేనా దాటి, ధోల్‌పూర్ ఇంకా రాకముందు నేల ఉన్నట్టుండి ముక్కలు ముక్కలవుతుంది. ఎటు చూసినా మట్టి దిబ్బలు, వాటి మధ్య ఇరుకు గండ్లు, గండ్లలో ముళ్ల కంపలు. ఆ వెంటనే నది మీద పొడుగాటి వంతెన. పెట్టెలో ఎవరో ఒకరు "ఇదేనండీ బందిపోట్ల చోటు" అంటారు. అందరూ కిటికీ వైపు జరుగుతారు. నాలుగు నిమిషాల్లో అంతా వెనక్కి పోతుంది. నేనూ ఎప్పుడూ అలా కిటికీలోంచి చూసినవాణ్నే. ఈసారి మొరేనాలో దిగిపోయాను.

మొరేనా నుంచి జౌరాకు పడమరగా పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒకప్పుడు గ్వాలియర్ నుంచి రెండడుగుల పట్టాల మీద నడిచే చిన్న రైలు ఈ ఊరి మీదుగా శ్యోపూర్ దాకా పోయేది. అది 2020లో ఆగిపోయింది, బ్రాడ్‌గేజ్ పనులు మొదలయ్యాయి. నేను బస్సులో వెళ్లాను. జనవరి చివర కావడంతో దారి పొడుగునా ఆవ చేలు పసుపు పచ్చగా పూసి ఉన్నాయి, గట్ల మీద తేనెటీగల పెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక స్టాపులో డబుల్ బ్యారెల్ తుపాకీ భుజాన వేసుకుని ఓ పెద్దమనిషి ఎక్కాడు. కండక్టరు టికెట్టు కొట్టి ఇచ్చాడు. బస్సులో నేను తప్ప ఎవరూ తలెత్తి చూడలేదు. లైసెన్సు తుపాకీ ఇక్కడ ఇంటి పరువులో భాగం.

జౌరాలో నేను చూడాలనుకున్నది మహాత్మా గాంధీ సేవాశ్రమం. దాన్ని పెట్టినాయన ఎస్.ఎన్. సుబ్బారావు. పేరు వినగానే మనవాడే అనిపిస్తుంది కానీ పుట్టింది బెంగళూరులో. పదమూడేళ్ల వయసులో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దిగినవాడు. చలికాలమైనా ఎండాకాలమైనా అదే ఖాకీ నిక్కరు, అదే పొట్టి చేతుల ఖద్దరు చొక్కా. ఇక్కడ అందరికీ ఆయన 'భాయీజీ'. యువజన శిబిరాల్లో పిల్లలందరి చేతా మన దేశ భాషలెన్నిటిలోనో పాటలు పాడించేవాడు, అందులో తెలుగూ ఉండేది. 2021 అక్టోబరులో జైపూర్‌లో పోయారు. అంత్యక్రియలు ఇక్కడే, ఈ ఆవరణలోనే జరిగాయి.

ఆశ్రమం చూస్తే పెద్ద ఆర్భాటమేమీ లేదు. చెట్లు, ఖద్దరు పని, శిబిరాలకు వచ్చేవాళ్లు పడుకునే గదులు, ఫొటోలు. నన్ను తిప్పి చూపించిన కార్యకర్త ముసలాయన. నా హైదరాబాదీ హిందీ విని ముసిముసిగా నవ్వుతూనే ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఒక ఫొటో దగ్గర మాత్రం నన్ను నిలబెట్టేశాడు. 1972 ఏప్రిల్ 14. వేదిక మీద గాంధీ పటం, పక్కన జయప్రకాశ్ నారాయణ్ (జేపీ), ఆయన భార్య ప్రభావతి. ముందు కిక్కిరిసిన జనం. బుగ్గమీసాల మనుషులు ఒక్కొక్కరే వచ్చి రైఫిళ్లు, తూటాల బెల్టులు ఆ పటం ముందు పెడుతున్నారు. అప్పటి మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి ప్రకాశ్ చంద్ర సేఠీ కూడా ఆ వేదిక మీద ఉన్నాడు.

"ఇడుగో మొహర్ సింగ్" అని వేలు పెట్టి చూపించాడు ముసలాయన.

మొహర్ సింగ్ గురించి నేను ముందే కొంత చదివి వచ్చాను. భిండ్ జిల్లా పల్లెటూరి గుజ్జర్ కుర్రాడు. సొంత దాయాదులతో పొలం తగాదా. కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి 1958లో తుపాకీ పట్టి గండ్లలోకి దిగాడు. దిగినవాణ్ని అప్పటికే పేరున్న ముఠాలేవీ చేర్చుకోలేదట, తానే ఒక ముఠా కట్టాడు. పదేళ్లు తిరిగేసరికి నూరుమందికి పైగా మనుషులతో చంబల్‌లో అంత పెద్ద ముఠా మరొకటి లేదు. పోలీసుల లెక్కల్లో 315 కేసులు, వాటిలో 85 హత్యలు. ఆయన తలకు ప్రభుత్వం కట్టిన వెల 2 లక్షల రూపాయలు. ఆ రోజుల్లో పది గ్రాముల బంగారం రెండు వందల రూపాయల దగ్గర ఉండేది, అంటే పది కిలోల బంగారమంత తల.

ముఠా ఎలా బతికేదో చూస్తే శౌర్యం కంటే వ్యాపారమే ఎక్కువ కనిపిస్తుంది. రాబడికి ముఖ్యమైన దారి 'పకడ్'. డబ్బున్నవాణ్ని ఎత్తుకుపోవడం, ఊరూరా తిప్పుతూ దాచడం, బేరం కుదిరాక వదలడం. కుదరకపోతే శవం. ముఠాకు తిండి, తూటాలు, వార్తలు చేరవేసే ఊళ్లు కొన్ని ఉంటాయి, వాటికి డబ్బు అందుతుంది. పోలీసులకు సమాచారం చేరవేసేవాడు 'ముఖ్బిర్'. వాడికి పడే శిక్ష ఊరంతా చూసేలా ఉంటుంది. ముక్కులు కోసి పంపడంలో పేరు మోసినవాడు గబ్బర్ సింగ్. షోలే సినిమాలోకి, అక్కణ్నుంచి 2012లో మన పవన్ కల్యాణ్ సినిమాలోకి వచ్చిన పేరు అతనిదే. అసలు మనిషి భిండ్ వాడు, 1959లో పోలీసు కాల్పుల్లో చచ్చాడు. మనం ఈలలు వేసిన ఆ పేరు వింటే ఇక్కడి పాత తరం చేతులు ముక్కు మీదికి పోతాయి. ఆడవాళ్ల జోలికి ఏనాడూ పోలేదని మొహర్ సింగ్ చివరిదాకా చెప్పుకున్నాడు. దాన్ని ఘనతగా చెప్పడం ఈ ప్రాంతంలో అలవాటు. చంపిన మగవాళ్లకు భార్యలు, తల్లులు ఉండరా అని నాకనిపిస్తుంది.

ఇంత చేసిన మనిషి తుపాకీ ఎలా దించాడు? ఇక్కడికి వచ్చేవాళ్లకు చెప్పే కథలో గాంధీ పటం, జేపీ కన్నీళ్లు, మారిన మనసు ఉంటాయి. అవేవీ అబద్ధాలు కావు. కానీ ఆ వేదిక వెనక ఎంత పని జరిగిందో తెలుసుకున్నకొద్దీ నాకు ఆ పని మీదే గౌరవం పెరిగింది.

దాని మొదలు 1960లో ఉంది. మాన్ సింగ్ అనే పెద్ద బందిపోటు కొడుకు తహసీల్దార్ సింగ్, ఉరిశిక్ష పడి జైల్లో ఉండగా, వినోబా భావేకు కబురు పెట్టాడు. వినోబా ఆ మేలో భిండ్, మొరేనా పల్లెల్లో నడిచాడు. ఇరవై మంది ఆయన ముందు లొంగిపోయారు. రాష్ట్ర పోలీసు పెద్ద కె.ఎఫ్. రుస్తుంజీకి ఇది నచ్చలేదు, ఆ సంగతి ఆయన దాచుకోనూ లేదు. ప్రాణాలొడ్డి వేటాడిన పోలీసులు పక్కకు పోయి హంతకులు పూజలందుకోవడం ఆయనకు మింగుడు పడలేదు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు.

పదకొండేళ్ల తర్వాత, 1971లో రామ్ సింగ్ అనే కాంట్రాక్టరు పట్నాలో జేపీ ఇంటికి వచ్చాడు. వినోబా పంపగా వచ్చానని, బందిపోట్లు లొంగిపోవాలనుకుంటున్నారని, మీరే పూనుకోవాలని అడిగాడు. ఆరోగ్యం బాగాలేదని జేపీ తప్పించుకోబోయాడు. అప్పుడా కాంట్రాక్టరు తాను రామ్ సింగ్ కాదని, మాధో సింగ్‌నని చెప్పాడు. మొహర్ సింగ్‌తో సమానంగా పేరున్న ముఠా నాయకుడు, తల మీద లక్షన్నర ఉన్నవాడు, ఒంటరిగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. జేపీ ఇక కాదనలేకపోయాడు.

తర్వాత నెలల తరబడి జరిగింది బేరమే. కేంద్రంతో, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ ప్రభుత్వాలతో మాట్లాడాలి. విచారణ తప్పదు, శిక్ష తప్పదు, కానీ ఉరి ఉండకూడదు. లొంగినవాణ్ని పోలీసులు కొట్టకూడదు. ఇంట్లోవాళ్ల బతుకుతెరువు, పిల్లల చదువు ఎవరో ఒకరు చూడాలి. గండ్లలోకి వెళ్లి ముఠాలతో మాట్లాడినవాళ్లలో 1960లో లొంగిపోయిన లోక్‌మన్ దీక్షిత్, ఉరి తప్పించుకున్న ఆ తహసీల్దార్ సింగ్ కూడా ఉన్నారు. ఖద్దరు చొక్కా మాట నమ్మనివాడు కూడా తమలాంటివాడి మాట నమ్మాడు. జౌరా దగ్గరి పగారా డ్యాం పరిసరాలను శాంతి ప్రాంతంగా ప్రకటించి పోలీసుల్ని వెనక్కి జరిపారు. చేతిలో తుపాకులతోనే ముఠాలు అక్కడ చేరాయి.

పగారాలో ఒక్క కానిస్టేబులు తప్పు చేసినా, ఒక్క ముఠావాడు తాగి కాల్పులు జరిపినా కథ అక్కడితో తెగేది. తెగలేదు. ప్రభాష్ జోషి, అనుపమ్ మిశ్ర, శ్రవణ్ గర్గ్ ఆ రోజుల్లో ఇక్కడే ఉండి చూసి, వెంటనే హిందీలో ఒక పుస్తకం రాశారు కాబట్టి ఈ వివరాలు మనదాకా వచ్చాయి. 1960 నుంచి 1976 దాకా మూడు రాష్ట్రాల్లో లొంగినవాళ్లు మొత్తం 654 మంది అని ఆశ్రమంలో చెప్పే లెక్క.

లొంగాక ఏం జరిగిందో ఫొటోల్లో పెద్దగా లేదు. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది. గుణా వైపు ముంగావలీలో 1973లో 'నవజీవన్ శిబిర్' పేరుతో ఒక బహిరంగ జైలు తెరిచారు. అందులో ఖైదీలు పొలం చేశారు. నిన్నటిదాకా మనిషిని ఎత్తుకుపోయి వెలకట్టినవాడు పొద్దున్నే లేచి హాజరు చెప్పి, గోధుమ చేలో నీళ్లు పెట్టాలి. పారిపోవడం కష్టమేమీ కాదు. మొహర్ సింగ్ పారిపోలేదు. ఎనిమిదేళ్లు శిక్ష అనుభవించి 1980లో బయటికొచ్చాడు.

ముసలాయనను నేను ఒక మాట అడిగాను. ఇక్కడ తుపాకీ దించినవాళ్ల ఫొటోలున్నాయి, దించడానికి ముందు చచ్చినవాళ్లవి ఎందుకు లేవు? ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఈ మాట అప్పట్లోనూ అడిగారు బాబూజీ. చంపినవాడికి శిబిరం, చచ్చినవాడి ఇంటికి ఏమిటని. మా దగ్గర జవాబు ఒక్కటే ఉండేది, ఇక మీద చావులు ఆగుతాయని." ఆగాయా అని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు: "తగ్గాయి. ఆగలేదు."

ఆగకపోవడానికి కారణం గండ్లలో లేదు, రెవెన్యూ రికార్డుల్లో ఉంది. 1958 టోక్యో ఆసియా క్రీడల్లో దేశం తరఫున పరుగెత్తిన సైనికుడు పాన్ సింగ్ తోమర్ ఈ మొరేనా జిల్లావాడే. రిటైరై ఊరికి వచ్చాక దాయాదులతో పొలం తగాదా, న్యాయం దొరక్క తుపాకీ. జౌరా వేదిక మీద ఆ తుపాకుల గుట్ట పడిన తొమ్మిదేళ్లకు, 1981 అక్టోబరులో, పోలీసు కాల్పుల్లో పోయాడు. మొహర్ సింగ్ కథ మొదటి సగాన్ని యథాతథంగా మళ్లీ రాసినట్టు లేదూ? ఇదంతా దగ్గరగా చూసినవాళ్లలో ఒకరికి మాత్రం అసలు లంకె దొరికిందనిపిస్తుంది. సుబ్బారావుతో పాటు జౌరాలో, లొంగినవాళ్ల పునరావాసం పనిలో ఉన్న కేరళ యువకుడు పి.వి. రాజగోపాల్. తర్వాత ఆయన పెట్టిన ఏక్తా పరిషత్ భూమి హక్కుల సంస్థ. 2007లో 25 వేల మందిని గ్వాలియర్ నుంచి ఢిల్లీకి నడిపించి తీసుకెళ్లాడు. వాళ్లడిగింది పట్టాలు.

మర్నాడు గ్వాలియర్ మీదుగా భిండ్ రోడ్డు పట్టి మెహగావ్ వెళ్లాను. మొహర్ సింగ్ జైలు నుంచి వచ్చి స్థిరపడిన ఊరు. పొలం చేసుకున్నాడు, 1982లో 'చంబల్ కే డాకూ' అనే హిందీ సినిమాలో నటించాడు, ఊళ్లోవాళ్లు ఓట్లేసి నగర పంచాయతీ అధ్యక్షుణ్ని కూడా చేశారు. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, తొంభై దాటిన వయసులో మంచం మీద పోయాడు. చంబల్‌లో ముఠా నడిపినవాడికి అలాంటి చావు అరుదు.

బస్టాండు ఎదుట టీ కొట్టు. పెద్దవాళ్లు ఆయన గురించి మాట్లాడటానికి వెనకాడలేదు. ఓటు ఎందుకు వేశారని అడిగితే ఒకాయన, "తుపాకీ ఉన్నప్పుడు అడగకుండానే తీసుకునేవాడు, అప్పుడు మాత్రం చేతులు జోడించి అడిగాడు, వేశాం" అన్నాడు. భయపడి వేశారా అంటే నవ్వి గ్లాసు ఖాళీ చేశాడు. అటు ఇటు కాని నవ్వు. మొహర్ సింగ్ పొలం ఎక్కడుందని అడిగితే ఎవరికి వాళ్లు వేర్వేరు దిక్కులు చూపించారు.

టీ పోసే కుర్రాడికి పద్దెనిమిదేళ్లుంటాయి. మా మాటలు వింటూనే ఉన్నాడేమో, చేతులు తుడుచుకుని ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. యూట్యూబులో మొహర్ సింగ్ ఇంటర్వ్యూ. గుబురు మీసాలు, తలపాగా, ముసలితనంలోనూ తగ్గని గొంతు. ఎత్తుకుపోవడాలు, ఎదురుకాల్పులు, ముఖ్బిర్లు వచ్చినప్పుడల్లా కుర్రాడు శబ్దం పెంచాడు. జైలు మాట రాగానే వేలితో ముందుకు తోసేశాడు.

"అక్కడ ఆపు, అదే నాకు కావాలి" అన్నాను.

"ఆ తర్వాత ఏం లేదు అంకుల్, పొలం చేసుకున్నాడంతే. అది ఎవరు చూస్తారు?" అని ఫోన్ జేబులో పెట్టుకుని పొయ్యి దగ్గరికి పోయాడు.