సొరంగాల మధ్య చదివిన పుస్తకం

ఏప్రిల్ మూడో వారానికల్లా మా వీధి గోడల నిండా కరపత్రాలే. అబాకస్, వేద గణితం, ఈత, కీబోర్డు, చేతిరాత. ఏ తల్లి ఎదురైనా ఒకటే ప్రశ్న: "మీ పిల్లల్ని ఎందులో వేశారు?" నేను దేన్లోనూ వెయ్యలేదు. పదకొండేళ్ళ మా అమ్మాయికీ, ఎనిమిదేళ్ళ మావాడికీ ఈ వేసవంతా ఖాళీగా ఇచ్చేశాను. ఖాళీ అంటే నాకు చాలా గౌరవం. ఏ పనీ లేని మధ్యాహ్నాలు మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫ్యాను వైపు చూస్తూ అడవులూ సముద్రాలూ తిరిగొచ్చిన పిల్లని నేను. అలా తిరగబట్టే చదవడం అబ్బింది. చదవబట్టే ఇంకా దూరం తిరగ్గలిగాను. పగటికలకి తీరుబాటు కావాలి. పిల్లలకి ఆ తీరుబాటు వేసవి సెలవులు తప్ప ఇంకెవరిస్తారు?

సెలవులివ్వగానే అరకు బయల్దేరాం. విశాఖ నుంచి పొద్దున్నే కదిలే కిరండూల్ రైలుకి 2017 నుంచి అద్దాల పెట్టె తగిలిస్తున్నారు. దాంట్లో కూచుంటే కొండలు నెత్తిమీదుగా కూడా కనిపిస్తాయట. మేం మాత్రం మామూలు పెట్టే ఎక్కాం. కిటికీ చువ్వలకి మొహం ఆనించి గాలి తగిలించుకోవడం, పల్లీల అమ్మాయి దగ్గర పొట్లం కట్టించుకోవడం అద్దాల వెనక కుదరవు. కొత్తవలస, శృంగవరపుకోట దాటేదాకా మామిడి తోటలు. బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెట్టింది.

ఈ కొత్తవలస–కిరండూల్ లైను మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్ పంపడానికి 1960లలో కొండలు తొలిచి పట్టాలు పరిచారు. లైను మొత్తం మీద 58 సొరంగాలు. ఎదురొచ్చే గూడ్సుకి దారివ్వడానికి మా రైలు ఆగినప్పుడల్లా మావాడు వ్యాగన్లు లెక్కపెట్టాడు. ఖనిజం మోసే బండి కోసం మనుషుల బండి ఆగుతుంటే తోటి ప్రయాణికులు విసుక్కున్నారు. నాకు మాత్రం ఆగిన ప్రతిసారీ లాభమే. ఒళ్ళో పుస్తకం ఉందిగా.

అది గోపీనాథ మహంతి 'అమృత సంతానం', పురిపండా అప్పలస్వామి గారి తెలుగులో. మహంతి గారు ఒడిశా పరిపాలనా సర్వీసులో చేరి, కొలువులో చాలా కాలం కోరాపుట్ కొండల్లోనే గడిపారు. అక్కడి కోందు గిరిజనుల బతుకు మీద రాసిన ఈ నవలకి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దాన్ని మనకి తెచ్చిన పురిపండా వారు సాలూరులో పుట్టినవారు. సాలూరంటే ఈ కొండల పాదాల దగ్గరి ఊరే కదా! ఇంట్లో ఏళ్ళ తరబడి బీరువాలో ఉన్న పుస్తకం ఇది. దీన్ని దీని కొండల్లోనే చదవాలని ఎప్పటినుంచో కోరిక.

టైడా దాటాక చదువు తమాషాగా మారింది. పేజీ మధ్యలో ఉండగా రైలు సొరంగంలో దూరుతుంది. ఉన్నట్టుండి చీకటి. పెట్టెలో పిల్లలంతా ఒకటే కేకలు. ఆగిపోయిన వాక్యం తర్వాత ఏముంటుందో ఆ చీకట్లో నేనే అల్లుకోవాలి. నవలలోని చంటిబిడ్డ తల్లి పుయు ఈ పూట ఏ గట్టు దిగుతోందో, మనసులో ఏం మోస్తోందో అనుకుంటూ ఉండగానే మళ్ళీ వెలుగు. కిటికీ బయట లోయ, లోయ అవతల గట్టు మీద నాలుగు ఇళ్ళు, కాలిబాట. పుస్తకంలో మిగతా వాక్యం నేననుకున్నట్టు ఉండేది కాదు, కానీ నేనల్లుకున్నదీ నాకు ముద్దుగానే ఉండేది. ఈ ఆట అమ్మాయికి చెప్పాను. అది తన 'చందమామ' బౌండు పుస్తకం తెరిచి, సొరంగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టింది. చదవడమంటే సగం రాసినవాళ్ళదీ, సగం మనదీ అని నా నమ్మకం. పిల్లకి దాన్ని వివరించక్కర్లేకుండా ఆ సొరంగాలే నేర్పాయి.

బొర్రా గుహల దగ్గర దిగిపోయాం. సున్నపురాయిలోంచి ఊరిన నీరు బొట్టుబొట్టుగా రాలుతూ, పైనుంచి వేలాడే రాళ్ళనీ కిందనుంచి లేచే రాళ్ళనీ కట్టిన చోటు. మన ఆయుష్షులకి అందని నిదానం అది. గైడు టార్చి వేసి ఇది శివపార్వతులు, ఇది మొసలి, ఇది తల్లీబిడ్డ అని చూపిస్తున్నాడు. మావాడు ఒక్కటీ ఒప్పుకోలేదు. మొసలిని చూసి "కాదు, అది దుప్పటి కప్పుకుని పడుకున్న తాతయ్య" అన్నాడు. గైడు కూడా తల వంచి చూసి, "ఔను బాబూ, ఇంతకాలం నాకు తట్టలేదు" అన్నాడు. ఆయన ఎవరో గానీ ఆ మాటకి నేను రుణపడి ఉన్నాను. పిల్లవాడి ఊహని పెద్దవాళ్ళు అలా నిలబడి చూడటం అరుదు.

రైల్లోనే ఉండిపోయుంటే శిమిలిగుడ వచ్చేది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషనుకి, దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదని చాన్నాళ్ళు పేరుండేది. మేం జీపులో అనంతగిరి మీదుగా వెళ్ళాం. అరకులో పద్మాపురం తోటా, గిరిజన మ్యూజియమూ అందరూ చూసేవే, మేమూ చూశాం.

నా మనసు నిలిచింది సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటల్లో. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. వేసవిలో తొలి వాన పడ్డాక వారం పది రోజులకి కొమ్మల నిండా తెల్లటి పూలు విరుస్తాయి. మల్లెల్లాంటి వాసన. రెండు మూడు రోజులకే రాలిపోతాయి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో అరకు పేరుతో కాఫీ కొట్టే ఉంది. ఆలస్యంగా పూసిన ఒక కొమ్మ దగ్గర నిలబడి, ఇక్కడి పండు ఏ కప్పులోకి చేరుతుందో అనుకుంటూ చాలాసేపు ఉండిపోయాను.

జీపు వచ్చేదాకా రోడ్డు పక్క పాకలో కూచున్నాం. ఒక ముసలమ్మ చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. పక్కన అడ్డాకుల కట్టలు. ఆమె మనవరాలు మా అమ్మాయి ఈడుదే. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి చదువుకుంటూ సెలవులకి ఇంటికొచ్చింది.

"సెలవుల్లో ఏం చేస్తావు?" అంది మా అమ్మాయి.

"అమ్మతో కొండకెళ్తాను. ఆకు కోస్తాం. పనసకాయలు దింపుతాం." ఇంతలో దాని చూపు 'చందమామ' మీద పడింది. "చూడొచ్చా?"

బేతాళ కథ తీసింది. ఒక్కో వాక్యం తెలుగులో గట్టిగా చదువుతోంది, వెంటనే వాళ్ళ ఒడియాలో నాయనమ్మకి చెబుతోంది. ఎక్కడా తడుముకోలేదు. ముసలమ్మ చెయ్యి ఆడుతూనే ఉంది గానీ చెవి మాత్రం ఇటే. ఒడియా పుస్తకాన్ని తెలుగు చేసిన పెద్దాయన నా సంచిలో ఉన్నారు. తెలుగు కథని ఒడియా చేస్తున్న చిన్నది నా ఎదుట ఉంది. నాకు గుండె నిండిపోయింది.

ముగ్గురిలో ఎవరు గొప్ప అని బేతాళుడు అడిగే చోట పిల్ల ఆగింది. నాయనమ్మ రాయి పక్కన పెట్టి ఏదో అంది. పిల్ల కిలకిలా నవ్వింది.

"ఏమంటోంది?"

"ఎవరు గొప్పో ఆ ఊరోళ్ళు కూచుని తేల్చుకుంటారు గానీ మధ్యలో రాజెందుకు అంటోంది మేడమ్."

విక్రమార్కుడి జవాబు చదవడం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ మాట పట్టుకుని మా పిల్లలిద్దరూ, ఆ పిల్లా జీపు వచ్చేదాకా వాదించుకున్నారు. 'చందమామ'ని మా అమ్మాయి అక్కడే వదిలి వచ్చింది, నేను చెప్పకుండానే. "హాస్టలు తెరిచేలోగా అన్నీ నాయనమ్మకి చెప్పేస్తాను" అంది ఆ పిల్ల. జూన్ 12న బడి తెరుస్తారు. అప్పటికి ముసలమ్మ ఎన్ని తీర్పులు చెప్పి ఉంటుందో!

దారిలో ఒకచోట ఆడవాళ్ళు వెదురుబొంగు అడ్డం పెట్టి జీపు ఆపారు. చైత్రం చివరి రోజులు, ఇటుకల పండుగ. మగవాళ్ళు వేటకెళ్తే ఆడవాళ్ళు రోడ్డు కాచి, పాడుతూ వచ్చేపోయేవాళ్ళ దగ్గర చందా తీసుకుంటారు. నేను ఇచ్చినదానికంటే వాళ్ళ పాట చాలా ఎక్కువ. మావాణ్ణి చెయ్యి పట్టి వరసలోకి లాగి నాలుగడుగులు వేయించారు.

మే నెలకి మా ఇంట్లో ఇక వేరే ఏర్పాట్లేమీ లేవు. పొద్దున పౌర గ్రంథాలయం, మధ్యాహ్నం మంచం మీద వెల్లకిలా. 'అమృత సంతానం' ఇప్పుడు అమ్మాయి దిండు పక్కన ఉంది. దానికి అర్థమైనంత చదువుతుంది, మిగతాది అల్లుకుంటుంది. మేం వెళ్ళిన రైలు పట్టాల మీదే ఇంకా ముందుకి వెళ్తే కోరాపుట్ వస్తుందని మ్యాపులో అదే కనిపెట్టింది. దసరా సెలవులకి టిక్కెట్లు తియ్యాలి.