తెలివి తీరులు

తెలివిగల పిల్ల యని మన యిండ్లలో నెవరిని అనుచున్నాము? పాఠమును ఒకమారు విని యొప్పజెప్పునది, పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకొనునది, ఆమెకే యా పేరు. తక్కినవారు మందమతులు. ఈ తీర్పు చెప్పుట సులభమే కాని, దాని ఫలితము ఆడపిల్లలయెడ మిక్కిలి కఠినముగా నుండును. మగపిల్లవాడు పరీక్ష తప్పినచో మరల చదివింతురు. ఆడపిల్ల తప్పినచో సంబంధములు వెదకుదురు. కావున సోదరీమణులతో నీ విషయమును గొంత ముచ్చటింప దలచితిమి.

తెలివి యొక్కటే తీరున నుండదనుటకు మా గడివేముల ప్రాంతపు పొదుపు సంఘములే సాక్ష్యము. మా పొరుగు మండలమగు ఓర్వకల్లు స్త్రీలు 1995 ప్రాంతమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము తోడ్పాటుతో సంఘములుగా గూడి, చిన్న మొత్తములతో నారంభించి, తమ మండల సమాఖ్యకు దూరదేశముల వరకు పేరు తెచ్చిరి. అట్టి సంఘమున పదిమంది కూర్చున్నపుడు చూడుడు. ఒకామె లెక్కల పుస్తకము వ్రాయును. పైసా తేడా రాదు. ఇంకొకామెకు వ్రేలిముద్రయే సంతకము. కాని సభ్యురాలొకతె కంతు కట్టనిచో, ఈమె యా యింటికి బోయి, డబ్బు మాట యెత్తకమునుపే పొయ్యి వెలిగినదా లేదా చూచును. భర్త త్రాగి పాడుచేసెనా, మిరప ధర పడిపోయెనా తెలిసికొని, నలుగురిలో తలవంపు రానీయక కంతు కట్టించును. మూడవ యామె అప్పుతో గొనదలచిన బఱ్ఱె నడకను, పొదుగును చూచి, కొనవచ్చునో కూడదో చెప్పును. అందఱును లెక్కలు వ్రాయువారే యైనచో, ఇచ్చిన సొమ్ము పుస్తకములో సరిగా నుండును గాని తిరిగి రాదు.

ఈ సంగతినే శాస్త్రజ్ఞులును విచారించిరి. 1904లో ఇంగ్లండు పండితుడు స్పియర్‌మన్ అన్ని పనులకు మూలమైన సామాన్యబుద్ధి యొకటి కలదనెను. 1983లో అమెరికా పండితుడు హోవర్డ్ గార్డ్‌నర్ బుద్ధులు ఏడనెను: భాష, గణితము, సంగీతము, ఆకారముల నెఱుగుట, శరీరనైపుణ్యము, పరుల మనస్సు నెఱుగుట, తన మనస్సు నెఱుగుట. ఇవి వేర్వేరుగా నున్నవనుటకు నిదర్శనములు చాలవని పలువురు మనశ్శాస్త్రజ్ఞులు నేటికిని వాదించుచున్నారు. క్రొత్త పనిని త్వరగా నేర్చుకొనుటకు సామాన్యబుద్ధి మిక్కిలి తోడ్పడుననియు చెప్పుదురు. ఆ మాట కాదనలేము. కాని నేర్చుట వేఱు, నడపుట వేఱు. ప్రత్తి తీయుటలో నందఱికంటె చేతివేగము గలామె మంచి మేస్త్రి కావలెనని లేదు. మేస్త్రికి కూలివారి తగవులు తీర్పగల నేర్పు వలయును. ఆఫీసులోను అంతే: మార్కులు గుమ్మము దాటింపవచ్చును, పైమెట్టు లెక్కుటకు మనుష్యులతో మెలగు నేర్పును కావలెను.

మా మండలములోని గని గ్రామమును, ఓర్వకల్లు మండలపు శకునాలను గలిపి 2017లో వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము పూర్తిచేసిరి. అచ్చటి విద్యుత్తు తీగలను జూచినపుడెల్ల మాకు అయ్యలసోమయాజుల లలితగారు స్మరణకు వత్తురు. ఈమె 1919లో మద్రాసున తెలుగు కుటుంబమున జన్మించిరి. పదునెనిమిదేండ్లకే భర్త గతించెను. ఒడిలో నాలుగు నెలల కూతురు. వైద్యవృత్తిలో అర్ధరాత్రి పిలుపు వచ్చినచో పసిబిడ్డను విడిచిపోవలెనని తలచి, గిండీ కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగును ఎంచుకొని, 1943లో ఉత్తీర్ణురాలైరి. పిమ్మట తోబుట్టువు లున్న కలకత్తాలో నుద్యోగము స్వీకరించి, భాక్రానంగల్ విద్యుత్తును గొనిపోవు తీగల రచనలో పనిచేసిరి. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల అంతర్జాతీయ సభకు వెళ్లిరి. లెక్కల తెలివి యామెకు పట్టమిచ్చినది. తన బ్రతుకునకు ఏ పని పొసగునో యెఱిగిన తెలివి యామెను ఆ పనిలో నిలిపినది.

మా యెఱుకలోని యొక యింట పదవ తరగతిలో ఇంగ్లీషు తప్పిన బాలిక గలదు. ఇక చదువు చాలునని తండ్రి నిశ్చయించెను. ఆ పిల్ల మిరప కోతల కాలమున ఇరువదిమంది కూలివారి తూకములను, కూలిని నోటిమీద సరిచూచి, యొక తగవు రాకుండ పంపును. తల్లి మమ్మడుగగా, ఆ పరీక్ష యొక గుమ్మమే కాని యిల్లు కాదనియు, ఐనను గుమ్మము దాటక లోనికి బోలేమనియు చెప్పితిమి. పదవ తరగతి గట్టెక్కినచో వ్యవసాయ పాలిటెక్నిక్ చదువు గలదని తెలిపితిమి. ఆ తల్లి తన పొదుపు సొమ్ములోనుండి పరీక్ష రుసుము కట్టినది. ఫలిత మింకను తెలియలేదు.

తల్లులారా! బిడ్డ యెంత తెలివిగలదని యడుగుటకు ముందు, ఏ తెలివి గలదో కనిపెట్టుడు. పంటయింట, పొలమున, చుట్టములనడుమ ఆమె దేనిని ఒకరు చెప్పకయే చక్కబెట్టుచున్నదో గమనింపుడు. కనిపెట్టి దాచుకొనక, ఆమెతోను, ఆమె తండ్రితోను చెప్పుడు. తనకొక తెలివి కలదని యెఱిగిన పిల్ల లేని తెలివిని సంపాదించుటకు వెనుదీయదు.