కాలువ నీళ్ళా, సొంత మోటారా?



గత సంవత్సరం మన వెబ్‌సైటు రెండుసార్లు ఆగిపోయింది. ఎందుకు ఆగిందని, ఇప్పుడు ఏం చేశారని చాలామంది అడిగారు. అది మీ కానుకలతో నడిచేది. నాట్లకు వెళ్ళి వచ్చిన కూలిలోంచి పది రూపాయలు తీసి వేసే తల్లుల డబ్బు అది. కనుక లెక్క చెప్పడం నా బాధ్యత. ఈ వారం ధ్యానానికి బదులు అదే రాస్తున్నాను.

మొదటిసారి ఆగిన రోజు మరచిపోలేను. మన సంఘంలో పెద్దవయసు తల్లి ఒకామె ప్రభువునందు నిద్రించారు. కూతురు కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. సెలవు దొరకలేదు, కడసారి చూపుకు రాలేకపోయింది. ఆ తల్లి అంతకుముందు క్రిస్మస్ కూడికలో చెప్పిన సాక్ష్యం నా దగ్గర ఉంది. సమాధి కార్యక్రమం అయిన సాయంత్రం దాన్ని సైటులో పెట్టి, లింకు సంఘం వాట్సాప్ గ్రూపులో వేశాను. పది నిమిషాల్లో ఆ అమ్మాయి ఫోను చేసింది. "అయ్యగారూ, మా అమ్మ గొంతు రావట్లేదండి. 508 అని ఏదో పడుతోందండి" అంటూ ఏడ్చింది. నేను తెరిచి చూస్తే నాకూ అదే. ఆ రాత్రికి ఆడియోను వాట్సాప్‌లోనే పంపాను గానీ, నాకు నిద్ర పట్టలేదు. ఆరేళ్ళ సాక్ష్యాలు, పాటలు ఆ సైటులోనే ఉన్నాయి. వాటిలో కొందరి గొంతులు మరెక్కడా లేవు.

యౌవనస్థుల కూడికలో కంప్యూటరు చదివిన తమ్ముడొకడు ఉన్నాడు. మరునాడు వచ్చి చూసి, "అయ్యగారూ, మనది షేర్డ్ హోస్టింగండి, అందుకే ఇలా అయింది. వి.పి.ఎస్. తీసుకుందామండి" అన్నాడు. నాకు ఆ రెండు మాటలూ తెలియవు. అతను వివరించాక నా బుర్రకు ఎక్కిన విధంగా మీకు చెబుతాను.

వెబ్‌సైటు ఉండేది ఎప్పుడూ కరెంటు, నెట్ ఉండే ఒక పెద్ద కంప్యూటరులో. దాన్ని సర్వరు అంటారు. షేర్డ్ హోస్టింగులో ఒకే సర్వరు మీద వందల సైట్లు ఉంటాయి. ఇది మన కోనసీమ కాలువ లాంటిది. లాకులు చూసేది, గట్లు వేసేది, పూడిక తీసేది వేరేవాళ్ళు. మన పని బోదె తెరిచి చేనుకు పెట్టుకోవడమే. అయితే ఎవరి వంతు వాళ్ళది. పై రైతు ఎక్కువ లాగితే కింది చేనుకు నీరు తగ్గినట్టు, పక్క సైటుకు జనం పోటెత్తితే మన సైటు నెమ్మదిస్తుంది. అందుకే కంపెనీ ఒక్కొక్కరికి ఒక హద్దు పెడుతుంది. మన ప్లానులో ఆ హద్దు ఒకేసారి 20 ప్రోగ్రాములు.

మన సైటు వర్డ్‌ప్రెస్‌తో కట్టింది. ఎవరైనా పేజీ తెరిచిన ప్రతిసారీ అది డేటాబేసులో వెతికి, పేజీని అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తుంది. ఆ సాయంత్రం గ్రూపులో లింకు పడగానే అందరూ ఒక్కసారే నొక్కారు. వంతు దాటిపోయింది. 508 అంటే అదే. మరి ప్రకటనలో అన్‌లిమిటెడ్ అన్నారు గదా అని నేనడిగాను. అది దాచుకునే స్థలానికీ, వెళ్ళే డేటాకీ చెప్పిన మాటట. ఒకేసారి ఎందరికి వడ్డించగలం అన్నది వేరే లెక్క.

వి.పి.ఎస్. కూడా పెద్ద సర్వరులో భాగమే. కానీ సాఫ్ట్‌వేరుతో ఆ సర్వరును గదులుగా విడదీసి, ఒక్కో గదికి ఇంత మెమరీ, ఇంత డిస్కు అని కేటాయిస్తారు. ఆ గదిలో పెత్తనమంతా మనదే. చేలో సొంత మోటారు పెట్టుకున్నట్టు. నీళ్ళకు వంతు కోసం ఎదురుచూడనక్కరలేదు.

ఖర్చు చూశాము. షేర్డ్ హోస్టింగు మొదటి ఏడాది నెలకు 200 చొప్పున పడింది గానీ, రెన్యూవల్ దగ్గర 450 అయింది. 1 జీబీ మెమరీ ఉన్న చిన్న వి.పి.ఎస్. నెలకు 500. రెండింటి మీదా జీఎస్టీ 18 శాతం. తేడా 50 రూపాయలే గదా అని సంఘ పెద్దలు ఒప్పుకున్నారు. అందరికంటే తొందరపడింది నేనే. ఆ అమ్మాయి ఏడుపు నా చెవుల్లో ఉంది మరి.

తమ్ముడు రెండు రాత్రులు కూర్చుని సైటును మార్చాడు. పేజీలు చకచకా తెరుచుకున్నాయి. మొదటిరోజే అతను నాకొక లాగ్ చూపించాడు. ఎక్కడెక్కడినుంచో యంత్రాలు మన సర్వరు తలుపు తట్టి, పాస్‌వర్డులు ఊహించి కొడుతున్నాయి. మనమీద పగతో కాదు. ఇంటర్నెట్‌లో ఏ సర్వరు కనబడినా అవి అలాగే తడతాయట. అతను తాళాలు బిగించాడు, అప్‌డేట్లు వేశాడు. నాకేమీ అర్థం కాలేదు గానీ, అతనున్నాడు గదా అని ధైర్యంగా ఉన్నాను.

నాలుగు నెలలకు తమ్ముడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. సంఘమంతా సంతోషించి ప్రార్థన చేసి పంపాము. తర్వాత ఒక ఆదివారం ఉదయం సైటు ఆగిపోయింది. కంపెనీకి ఫోను చేస్తే, "మీ సర్వరు నడుస్తూనే ఉందండి, లోపలి సంగతి మీరే చూసుకోవాలి" అన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు, మనం తీసుకున్న ప్లాను అలాంటిది. తమ్ముడు రాత్రి డ్యూటీ చేసి ఫోను ఆపి పడుకున్నాడు. మరునాడు సాయంత్రానికి గానీ అతనికి కుదరలేదు. మెమరీ నిండిపోయి, లినక్స్ దానంతటదే డేటాబేసును ఆపేసిందట. ఒకే ఒక్క ఆజ్ఞ టైపు చేస్తే సరిపోయేది. ఆ ఆజ్ఞ నాకు తెలియదు. పాస్‌వర్డు కూడా నా దగ్గర లేదు.

అప్పుడు మా నాన్నగారి మోటారు జ్ఞాపకం వచ్చింది. కరెంటు ఏ అర్ధరాత్రి ఇస్తే ఆ అర్ధరాత్రే లేచి, టార్చిలైటు పట్టుకుని స్టార్టరు నొక్కడానికి వెళ్ళేవారు. వైండింగు కాలిపోతే మోటారును భుజానికెత్తుకుని ఊళ్ళోకి తీసుకెళ్ళేవారు. సొంత మోటారు ఉన్నవాడికి లేచే మనిషి కావాలి. మన సంఘంలో ఆ మనిషి ఒక్కడే ఉన్నాడు, అతను కూడా వెళ్ళిపోయాడు. నేను నెల అద్దె లెక్క చూశాను గానీ ఈ లెక్క చూడలేదు. ఈ తప్పు నాది, తమ్ముడిది కాదు.

పెద్దలతో మళ్ళీ కూర్చున్నాము. కంపెనీయే కాపు కాసే మేనేజ్డ్ వి.పి.ఎస్. ఉంది గానీ ధర మన శక్తికి మించింది. అందుకని షేర్డ్ హోస్టింగుకే తిరిగి వచ్చాము. ఈసారి తమ్ముడు ఫోనులో చెబుతుంటే మూడు పనులు చేశాము. ఒకటి, క్యాష్ ప్లగిన్ పెట్టాము. తయారైన పేజీని దాచి ఉంచి, అందరికీ అదే ఇస్తుంది. ప్రతిసారీ కొత్తగా వండదు. రెండు, ఆడియోలు చిన్నవి చేశాము. నలభై నిమిషాల ప్రసంగం 128 కేబీపీఎస్‌లో 38 ఎంబీ ఉండేది, 32కు తగ్గించి మోనో చేస్తే 10 ఎంబీలోపే అయింది. మాటకు అది చాలు, మీ డేటా కూడా మిగులుతుంది. మూడు, ప్రతి శనివారం మొత్తం సైటు కాపీ ఒక పెన్‌డ్రైవులోకి దించుతున్నాము. డొమైను, పాస్‌వర్డులు ఇప్పుడు సంఘం పేరున ఉన్న మెయిలులో ఉన్నాయి, ఏ ఒక్కరి మెయిలులోనూ లేవు.

మరో సంఘంవారు నన్నడిగితే వి.పి.ఎస్. వద్దని చెప్పను. సొంత ప్రోగ్రాములు నడపాలన్నా, ఎప్పుడూ వందలమంది ఒకేసారి వస్తున్నా అదే మంచిది. కానీ ముందు అడుగుతాను: ఆదివారం ఉదయం అది ఆగిపోతే చూసేవారు ఎవరు? ఆయన ఊరెళితే రెండోవారు ఎవరు?

మొన్న ఈస్టరు రోజున మన సైటు కొంచెం నెమ్మదించింది, కానీ ఆగలేదు. ఇంకా పెద్ద రద్దీ వస్తే ఏమవుతుందో చూడాలి. కువైట్‌లోని మన సహోదరి తన సెలవురోజున వాళ్ళమ్మ సాక్ష్యం పెట్టుకుని వంట చేసుకుంటానని కబురు పంపింది.

చివరిగా ఒక మనవి. శనివారం కాపీ దించే పని నేనూ అమ్మగారూ నేర్చుకున్నాము. మూడో మనిషి కావాలి. కంప్యూటరు చదివి ఉండనక్కరలేదు, శనివారం సాయంత్రం ఒక అరగంట ఉంటే చాలు. మీ పిల్లల్లో ఎవరినైనా పంపండి.


మీ పాస్టరు