మాస్కో నుంచి వచ్చిన తెలుగు

విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను మా ఊరొచ్చిందంటే బడి వదలగానే అటే పరుగు. అందులో రష్యన్ నుంచి తెలుగు చేసిన మాస్కో పుస్తకాలు: గట్టి అట్ట, నున్నటి కాయితం, రంగుల బొమ్మలు. ధర మాత్రం జీళ్ల డబ్బులతో కొనుక్కునేంత. నాన్న గోర్కీని తీసుకునేవాడు, నేను ‘నొప్పి డాక్టరు’ పట్టుకుని కదిలేవాణ్ణి కాదు. మంచుబండ్లూ, సమోవార్లూ మా కృష్ణా జిల్లాలో ఎవరూ చూసి ఎరగరు. అయినా ఆ కథల్లో ముసలమ్మలు మా వీధి అరుగుల మీద కూర్చున్నట్టే మాట్లాడేవాళ్లు. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ లాంటివాళ్లు మాస్కోలో ఉండి ఆ తెలుగు రాశారని పెద్దయ్యాక తెలిసింది.

ఆ పుస్తకాల్లో పాఠకులకో విన్నపం ఉండేది: అనువాదం ఎలా ఉందో రాయండి అని. కింద మాస్కో జూబోవ్‌స్కీ బుల్వార్ చిరునామా. మా తెలుగు మాస్టారు దాన్ని నిజంగానే పట్టించుకున్నారు. ఒక వాక్యం చూపించి “ఇలా మనవాళ్లెవరూ అనర్రా, రాసి పడేద్దాం” అంటూ మా చేత ఉత్తరం రాయించారు. జవాబు రాలేదు. కానీ వాక్యం బాగాలేకపోతే అడగడానికి ఎక్కడో ఒక మనిషి ఉన్నాడని మాకు తెలిసింది.

విచిత్రమేమిటంటే, యంత్రానువాదం తొలి అడుగులు వేసిందీ రష్యన్ మీదే. 1954లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం, ఐబీఎం కలిసి 250 మాటలు, ఆరు సూత్రాలతో రష్యన్ వాక్యాలను యంత్రం చేత ఇంగ్లీషు చేయించి చూపాయి. కొద్ది ఏళ్లలో పని పూర్తవుతుందన్నారు. 1966లో యంత్రానువాదాన్ని సమీక్షించిన అమెరికా కమిటీ ఆల్పాక్ తన నివేదికలో పెదవి విరిచేసరికి అక్కడి ప్రభుత్వ నిధులు చాలావరకు ఆగిపోయాయి. ఆ రోజుల్లో మాస్కోలో మనవాళ్లు చేత్తోనే రాస్తున్నారు.

1991తో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ ఆగాయి. 2011లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు వచ్చింది. దాని వాక్యాలు ఒకరికొకరం చదివి వినిపించుకుని నవ్వుకున్నాం. 2017లో వాక్యాన్ని మొత్తంగా చూసే న్యూరల్ పద్ధతి వచ్చాక ఆ నవ్వు తగ్గింది.

ఇప్పుడు నాకు అనువాదమే బతుకుతెరువు. ఏజెన్సీ మూలంతోపాటు యంత్రం చేసిన తెలుగునూ పంపి ‘దిద్దితే చాలు’ అంటుంది, డబ్బు తగ్గిస్తుంది. యంత్రం మీద నాకు కోపం లేదు. మనుషులు చేసిన అనువాదాలు చదివే అది నేర్చుకుంది. మామూలు సమాచారానికి పనికొస్తుంది కూడా. కానీ మందు కరపత్రంలో పూటల లెక్క తప్పితే జవాబు చెప్పాల్సింది ఎవరు? అందుకే దిద్దినవాళ్ల పేరు, పాఠకుడు రాయడానికో చిరునామా అచ్చువేయమని అడుగుతున్నాను. పేరు పడుతుందంటే దిద్దేవాడు మూలాన్ని మరోసారి చదువుతాడు. ఆ చదువుకి పట్టే సమయానికీ డబ్బు ఇవ్వాలి.